'క్షణికం' అన్న మాటను ఎక్కడ వాడాలి, ఎక్కడ మానాలి

కలకాలం నిలవని వాటి గురించి రాయవలసి వచ్చినప్పుడు మనకు ముందుగా తట్టే మాట 'క్షణికం'. బడిపిల్లల వ్యాసాల్లోను, పత్రికల నేరవార్తల్లోను, ఆధ్యాత్మిక ప్రసంగాల్లోను, ఇంగ్లీషు నుంచి అనువదించిన ప్రకటనల్లోను ఇది ఒకే ధీమాతో కనిపిస్తుంది. చాలా చోట్ల మాత్రం అక్కడ ఉండవలసిన మాట అది కాదు. 'వంతెనకు చేసిన మరమ్మతు క్షణికమైనది', 'వేసవి సెలవులు క్షణికమైనవి', 'కూరగాయలు క్షణికమైన సరుకు' అని రాస్తే వ్యాకరణం అడ్డుచెప్పదు గాని తెలుగు చెవి ఒప్పుకోదు. ఎందుకు ఒప్పుకోదో తెలిస్తే సరైన మాటను ఎంచుకోవడం పెద్ద కష్టం కాదు.

ఒక వస్తువో స్థితో నిలవకపోవడానికి కారణాలు వేరువేరుగా ఉంటాయి. అది ఉన్న కాలమే మరీ కొద్దిది కావచ్చు. ఎవరో దానికి గడువు పెట్టి ఉండవచ్చు. లేదా నశించడమే దాని స్వభావం కావచ్చు. మొదటి సందర్భానికి 'క్షణికం' సరిపోతుంది, రెండోదానికి 'తాత్కాలికం' కావాలి, మూడోదానికి 'అశాశ్వతం', 'అనిత్యం', 'నశ్వరం', 'భంగురం' అనే కుటుంబం ఉంది. కాబట్టి కలం పట్టుకున్నప్పుడు వేసుకోవలసిన ప్రశ్న 'ఇది ఎంతకాలం ఉంటుంది' అన్నది కాదు, 'దీన్ని ముగించేది ఏమిటి' అన్నది. వీటన్నిటినీ పక్కన పెట్టి, విశేషణం జోలికే పోకుండా క్రియతో చెప్పే దారి మరొకటి ఉంది. నా మటుకు నాకు తెలుగుకు అన్నిటికంటే బాగా నప్పేది అదే. దాని సంగతి కొంచెం ముందుకు వెళ్ళాక వస్తుంది.

క్షణం ఎంతసేపు

'క్షణికం' అంటే క్షణకాలం ఉండేది. అమరసింహుడు కూర్చిన సంస్కృత నిఘంటువు అమరకోశం ఇచ్చిన లెక్క ప్రకారం 18 నిమేషాలు (రెప్పపాట్లు) ఒక కాష్ఠ, 30 కాష్ఠలు ఒక కల, 30 కలలు ఒక క్షణం, 12 క్షణాలు ఒక ముహూర్తం, 30 ముహూర్తాలు ఒక పగలూ ఒక రాత్రీ. రోజుకు 24 గంటలు కాబట్టి ముహూర్తం 48 నిమిషాలవుతుంది, అందులో పన్నెండో వంతైన క్షణం సరిగ్గా 4 నిమిషాలు తేలుతుంది. ఇప్పటి తెలుగులో క్షణమంటే అంత నిడివి లేదు, సెకనుకు అటూ ఇటూగా వాడుతున్నాం. ('ఒక్క క్షణం కూర్చోండి, సారు వచ్చేస్తారు' అని కార్యాలయాల్లో చెప్పే క్షణానికి మాత్రం అమరసింహుడి లెక్కే దగ్గరగా ఉంటుంది.)

ఈ మాటకు తాత్త్విక బరువు తెచ్చిపెట్టినవారు బౌద్ధ తార్కికులు. 'యత్ సత్ తత్ క్షణికమ్', అంటే ఏది ఉన్నదో అది క్షణికం అన్నది వారి సూత్రం. వారి దృష్టిలో కొండ కూడా క్షణికమే, ఎందుకంటే ఈ క్షణపు కొండ ఈ క్షణంతోనే పోతుంది, మరుసటి క్షణానికి దానిలాంటిదే మరొకటి పుడుతుంది, ఆ వరుసనే మనం ఒకే కొండ అనుకుంటాం. దీనికే క్షణభంగవాదమని పేరు. తత్త్వశాస్త్రం గురించి రాసేవారు ఈ అర్థంలో మాటను నిస్సంకోచంగా వాడవచ్చు గాని, మామూలు వ్యాసంలో 'కొండలు క్షణికం' అని రాస్తే చదువరి తెల్లబోతాడు. వాడుక తెలుగులో క్షణికమనేది వచ్చి వెంటనే పోయే వాటికే, అందులోనూ ముఖ్యంగా మనసులో పుట్టే వాటికే చెల్లుతుంది. కోపం, ఆవేశం, ఉద్రేకం, మోహం, సుఖం, ఆనందం, ప్రలోభం వంటి మాటల పక్కన అది సహజంగా ఒదిగిపోతుంది.

ఆ జాబితాను మళ్ళీ ఒకసారి చూడండి. వాటిలో మెచ్చుకోలు ఒక్కటీ లేదు. ఆనందమంతటి మంచి మాట కూడా 'క్షణికానందం' అయ్యేసరికి హెచ్చరికగా మారిపోతుంది, 'క్షణికానందం కోసం భవిష్యత్తును పాడుచేసుకోవద్దు' అనే వాక్యానికి అది సగం దూరం వెళ్ళిపోయినట్టే. ఈ మాటలో కాలపు కొలతతో పాటు ఒక చిన్నచూపు కూడా ఉంది, నిలవదు గనుక విలువ లేదన్న తీర్పు అందులో దాగి ఉంది. అందువల్ల కొద్దిసేపే ఉండి మనసును తాకిన దాన్ని మెచ్చుకోవాలంటే క్షణికం పనికిరాదు. మేఘాల వెనుక నుంచి కొండ మీద పడి మాయమైన వెలుగు గురించి రాస్తూ 'ఆ క్షణికమైన వెలుగు' అంటే చిన్నబుచ్చినట్టుంటుంది, 'క్షణకాలం మెరిసిన ఆ వెలుగు' అంటే అదే నిడివి ప్రేమతో చెప్పినట్టుంటుంది. 'లిప్తపాటు', 'రెప్పపాటు', 'అరక్షణం' అన్నవి కూడా ఇలాంటి తటస్థమైన మాటలే. ఒక్క 'ఇక' ప్రత్యయం చేరేసరికి తీర్పు వచ్చి చేరడం విడ్డూరంగా తోచవచ్చు గాని, వాడుక అలాగే స్థిరపడింది.

పత్రికల్లో ఎక్కువగా కనిపించేది 'క్షణికావేశంలో' అన్న మాట. నిజంగా అప్పటికప్పుడు పుట్టిన ఆవేశంలో జరిగిన దానికి ఇది సరైన మాటే. వారం ముందు నుంచి పథకం వేసి, ఆయుధం కొని, దారి కాచి చేసిన నేరానికి కూడా దీన్ని తగిలించడం అలవాటైపోయింది. అది భాషాదోషం మాత్రమే కాదు, నిందితుడి తరఫున విలేకరి అప్పటికే ఒక వాదన చెప్పినట్టవుతుంది. ఆత్మహత్యల వార్తల్లో ఇది ఇంకా జాగ్రత్తగా మానుకోవలసిన మాట. ఏళ్ళ తరబడి అప్పులతోనో జబ్బుతోనో నలిగిపోయిన మనిషి చావును క్షణికావేశమని రెండు ముక్కల్లో తేల్చేస్తే ఆ ఏళ్ళన్నీ వార్తలోంచి చెరిగిపోతాయి.

మనిషి పెట్టిన గడువుకు తాత్కాలికం

'తాత్కాలికం' అన్న మాటలో ఎప్పుడూ ఒక నిర్ణయం ఉంటుంది. ఎవరో ఏర్పాటు చేశారు, వారే లేదా వారి తర్వాతివారు తీసేస్తారు. తాత్కాలిక ఉద్యోగి, తాత్కాలిక షెడ్డు, తాత్కాలిక మరమ్మతు, తాత్కాలిక నిషేధం అన్నిటిలోనూ ఇదే వరుస. వానాకాలాన్ని, యౌవనాన్ని, పూల పరిమళాన్ని తాత్కాలికమంటే తేడాగా వినిపించడానికి కారణం వాటిని ఏ అధికారీ మంజూరు చేయలేదు గనుకనే.

ఈ మాటకు నిడివితో పని లేదన్నది గుర్తుపెట్టుకోవలసిన విషయం. రాజ్యాంగంలోని 21వ భాగం తాత్కాలిక, పరివర్తనకాలపు, ప్రత్యేక నిబంధనలకు కేటాయించినది. జమ్మూ కశ్మీరుకు సంబంధించిన 370వ అధికరణానికి శీర్షికలోనే 'తాత్కాలిక' అని ఉండేది, అయినా అది 2019 దాకా అమల్లో కొనసాగింది, 2023 డిసెంబరులో సుప్రీంకోర్టు కూడా దాన్ని తాత్కాలిక నిబంధనగానే తేల్చింది. దాదాపు 70 ఏళ్ళు ఉన్నదాన్ని తాత్కాలికమనడం మాట రీత్యా తప్పు కాదు, ఎందుకంటే మాట చెప్పేది ఏర్పాటు స్వభావాన్నే గాని అది నడిచిన కాలాన్ని కాదు. అమరావతిలో వెలగపూడి దగ్గర 2016లో మొదలైన సచివాలయానికి కూడా 'తాత్కాలిక సచివాలయం' అన్న పేరే నిలిచింది, ఆ తర్వాత ఏళ్ళ తరబడి పాలన అక్కడి నుంచే సాగినా ఆ పేరు ఊడలేదు. ఈ రెండు సందర్భాల్లోనూ 'క్షణిక' అన్న మాటను పెట్టి చూస్తే నవ్వు వస్తుంది, తేడా అక్కడ తేటతెల్లమవుతుంది.

గడువు ఖాయంగా తెలిసినప్పుడు విశేషణం మానేసి గడువునే రాయడం మేలు. రాష్ట్ర పునర్వ్యవస్థీకరణ చట్టం హైదరాబాదును 'పదేళ్ళకు మించకుండా' ఉమ్మడి రాజధానిగా ఉంచింది, ఆ గడువు 2024 జూన్ 2తో ముగిసింది. దీన్ని 'తాత్కాలిక ఉమ్మడి రాజధాని' అని కుదించి రాస్తే చదువరికి అందవలసిన అసలు వివరం జారిపోతుంది. అలాగే పాలనలో తాత్కాలికానికి దగ్గరగా ఉండే ఇతర మాటలను కలిపేయకూడదు. కోర్టు ఇచ్చేవి 'మధ్యంతర ఉత్తర్వులు', తుది తీర్పు రావలసి ఉందని ఆ మాటే చెబుతుంది. ఎన్నికలైపోయి కొత్త ప్రభుత్వం ఏర్పడే దాకా కొనసాగేది 'ఆపద్ధర్మ ప్రభుత్వం'. కొత్త సభ్యుల చేత ప్రమాణం చేయించడానికి ఎంపికయ్యేవారు 'ప్రొటెం స్పీకర్', ఈ పదాన్ని తెలుగు చేసి 'తాత్కాలిక స్పీకర్' అన్నా ఇబ్బంది లేదు. రైల్వేవారి 'తత్కాల్' టికెట్టు మాత్రం ఈ కోవలోనిది కాదు, అక్కడ ఆ మాటకు అర్థం అప్పటికప్పుడు అని.

శాశ్వతానికి వ్యతిరేకం ఎప్పుడూ అశాశ్వతం కాదు

సంస్కృతంలో శాశ్వతానికి ఉన్న పర్యాయపదాలను అమరకోశం ఒకే వరుసలో చెప్పింది: శాశ్వతం, ధ్రువం, నిత్యం, సదాతనం, సనాతనం. నిఘంటువులో ఒకే పంక్తిలో కూర్చున్న ఈ ఐదూ తెలుగులోకి వచ్చాక ఎవరి దారిన అవి పోయాయి. ధ్రువం 'ధ్రువపత్రం', 'ధ్రువీకరణ' అంటూ నిజమని ఖాయం చేసే పనిలో పడింది. సనాతనం ప్రాచీనమైన దానికి స్థిరపడింది. నిత్యం 'ప్రతిరోజూ' అన్న అర్థాన్ని గట్టిగా పట్టుకుంది, నిత్యావసర సరుకులు, నిత్యాన్నదానం, నిత్యకృత్యం అన్నవి చూడండి. సదాతనం వాడుకలోంచి దాదాపు పోయింది. తుది లేకపోవడమనే అర్థం ఇప్పుడు శాశ్వతం నెత్తినే పడింది.

దీని పర్యవసానం వ్యతిరేకార్థాల దగ్గర కనిపిస్తుంది. దరఖాస్తుల్లో 'శాశ్వత చిరునామా' అని ఒక గడి ఉంటుంది. దానికి పక్కనుండే గడి 'ప్రస్తుత చిరునామా' లేదా 'తాత్కాలిక చిరునామా' అవుతుంది గాని 'అశాశ్వత చిరునామా' ఎన్నటికీ కాదు. శాశ్వత ఉద్యోగికి ఎదురుగా నిలబడేవాడు తాత్కాలిక ఉద్యోగి, 'అశాశ్వత ఉద్యోగి' అంటే ఆయనకు ఆయుష్షు లేదన్నట్టు ధ్వనిస్తుంది. మనుషులు ఏర్పరిచిన శాశ్వతానికి వ్యతిరేకం తాత్కాలికం. లోకరీతిగా ఉండే, లేదా ఉండదని తెలిసీ ఉండాలని కోరుకునే శాశ్వతానికి వ్యతిరేకం అశాశ్వతం. పదవులు, సంపద, కీర్తి, బంధాలు, ప్రాణం అశాశ్వతమంటాం. పదవి విషయంలో రెండూ కుదురుతాయి: 'ఆయనది తాత్కాలిక పదవి' అంటే నియామకపత్రం గురించిన మాట, 'పదవులు అశాశ్వతం' అంటే అన్ని పదవుల గురించి ఒక మనిషికి చేస్తున్న హితబోధ.

'అనిత్యం' తత్త్వగ్రంథాల మాట. బుద్ధుడు చెప్పిన అనిత్యం, దుఃఖం, అనాత్మ అన్న మూడు లక్షణాల్లో మొదటిదిగా దీనికి స్థిరమైన చోటుంది, అక్కడ దీన్ని మార్చి అశాశ్వతమనో తాత్కాలికమనో రాయకూడదు. విపశ్యన ధ్యాన శిబిరాలకు వెళ్ళివచ్చినవారు దీని పాళీ రూపాన్ని 'అనిచ్చ' అంటారు. ఒత్తు మార్చి 'అనిచ్ఛ' అని రాస్తే ఇష్టం లేకపోవడమనే వేరే అర్థం వస్తుంది. దీనికంటే ఎక్కువగా జరిగే పొరపాటు 'అనునిత్యం'తో కలగాపులగం కావడం. అనునిత్యం అంటే ప్రతిరోజూ, ఎడతెగకుండా అని. 'అనునిత్యమైన ఈ జీవితంలో' అని వేదాంతం చెప్పబోయినవారు తాము చెప్పదలచిన దానికి నేరుగా వ్యతిరేకమైనది చెప్పినట్టవుతుంది.

'నశ్వరం', 'భంగురం' అన్న మాటల్లో ఉన్న ప్రత్యయాలను పాణిని తన సంస్కృత వ్యాకరణ గ్రంథమైన అష్టాధ్యాయి మూడో అధ్యాయం రెండో పాదంలో పక్కపక్కనే చెప్పాడు. 'భఞ్జభాసమిదో ఘురచ్' అన్న 161వ సూత్రంతో భంగురం, భాసురం, మేదురం పుడతాయి. 163వ సూత్రంతో నశ్వరం, జిత్వరం వంటివి పుడతాయి. ఈ సూత్రాలన్నీ 'అలా చేయడమే స్వభావంగా కలది' అనే అర్థంలో ప్రత్యయాలను విధించే ప్రకరణంలోనివి. కాబట్టి నశ్వరమంటే నశించినది కాదు, నశిస్తున్నది కూడా కాదు, నశించే స్వభావం గలది. ఈ లెక్కన కూలిపోయిన కోటను 'నశ్వరమైన కోట' అనడం అర్థంలేని మాట, అది ఇప్పటికే నశించింది. దేహం నశ్వరమని నిండు ఆరోగ్యంతో ఉన్నవాడు కూడా తన గురించి చెప్పుకోవచ్చు. భంగురంలో విరిగిపోయే స్వభావం ఉంది, అందుకే అది తెలుగులో ఒంటరిగా అంతగా తిరగదు, 'క్షణభంగురం' అన్న సమాసంలోనే ఎక్కువగా కనిపిస్తుంది. ఈ రెండూ పద్యానికి, ప్రవచనానికి, గంభీరమైన వ్యాసానికి తగినవి. వేగంగా పాడయ్యే పాలు, చేపలు, టమాటాల గురించి రాస్తూ 'నశ్వర సరుకులు' అనడం సన్న కూలీకి పట్టుశాలువా కప్పినట్టుంటుంది, 'త్వరగా పాడైపోయే సరుకులు' అంటే చాలు.

వీటి సరసన చేరకూడనిది 'మిథ్య'. తాడును చూసి పామనుకున్నప్పుడు ఆ పాము కాసేపు ఉండి నశించినది కాదు, అసలు ఎప్పుడూ అక్కడ పామే లేదు. అద్వైతులు జగత్తును మిథ్య అన్నప్పుడు చెబుతున్నది ఈ సంగతి, నిలవదని కాదు. 'ఎండమావి' కూడా ఈ జాతిదే. నాలుగు నెలలు నడిచి మూతపడిన వ్యాపారాన్ని ఎండమావి అనకూడదు, అది నడిచింది. వస్తుందని ఆశపెట్టి రాని ఉద్యోగాన్ని అనవచ్చు.

విశేషణం వద్దనుకుంటే

ఇంట్లోనూ వీధిలోనూ మాట్లాడుకునే తెలుగు ఈ సంస్కృత విశేషణాలు లేకుండానే నిలవకపోవడాన్ని చెబుతుంది, అదీ ఒక్కొక్క వస్తువుకు ఒక్కొక్క క్రియతో. పూలు వాడిపోతాయి, రంగు వెలిసిపోతుంది, ముగ్గు చెరిగిపోతుంది, పొగమంచు విడిపోతుంది, పాలు విరుగుతాయి, అన్నం పాచిపోతుంది, పచ్చడి బూజుపడుతుంది, కర్ర పుచ్చిపోతుంది, పాత చీర చివికిపోతుంది. కోపం చల్లారుతుంది, గొడవ సద్దుమణుగుతుంది, మోజు తీరిపోతుంది, ఉత్సాహం నీరుగారుతుంది, ఆస్తి కరిగిపోతుంది. ఇన్ని క్రియలుండగా వీటన్నిటినీ 'క్షణికం' అన్న ఒక్క గాటన కట్టేయడం నష్టమే. 'వారి ఉత్సాహం క్షణికమైనది' అన్నదాని కంటే 'వారి ఉత్సాహం వారం తిరక్కుండానే నీరుగారింది' అన్న వాక్యం ఎంత కాలమో, ఎలా పోయిందో కూడా చెబుతుంది.

కాగితాలకూ డబ్బుకూ కూడా ఇలాంటి క్రియలే ఉన్నాయి, ఇవి పత్రికలవారికి బాగా తెలుసు. మార్చి 31లోగా ఖర్చుపెట్టని నిధులు 'మురిగిపోతాయి'. వాడుకోని సెలవులూ మురిగిపోతాయి, చెల్లని ఓటూ మురిగిపోతుంది. మూడేళ్ళలోగా దావా వేయని ప్రామిసరీ నోటుకు 'కాలదోషం పడుతుంది'. మందుకు గడువు తీరుతుంది. చట్టసభ మళ్ళీ సమావేశమయ్యాక ఆరు వారాల్లో ఆమోదం పొందని ఆర్డినెన్సు చెల్లకుండా పోతుంది. వీటిలో దేనికైనా 'అశాశ్వతమైనది' అని రాసి చూడండి, వార్త కాస్తా వేదాంతం అవుతుంది.

ఇళ్ళల్లో వినిపించే మరో పద్ధతిని కూడా రాతలోకి తెచ్చుకోవచ్చు. అయిపోవడాన్ని, ఆరిపోవడాన్ని అశుభమని పైకి అనకుండా తిప్పి చెప్పడం ఇది. బియ్యం అయిపోతే 'నిండుకున్నాయి' అంటారు, దీపం ఆరితే 'కొండెక్కింది' అంటారు. తొమ్మిది రోజుల ఆట ముగిశాక గునుగు, తంగేడు పూల బతుకమ్మను పారేశారనో నశించిందనో ఎవరూ అనరు, సాగనంపారంటారు. పండుగల గురించి, పల్లె ఇళ్ళ గురించి రాసేటప్పుడు 'క్షణికం' కంటే ఇలాంటి మాటలకే అక్కడి గాలి తగులుతుంది.

నుడికారాలు వాడేటప్పుడు

'మూన్నాళ్ళ ముచ్చట' మొదలుపెట్టి మానేసిన ఉత్సాహానికి చెల్లుతుంది. కొత్తగా పెట్టిన వ్యాయామం, కొత్త పథకం, కొత్త స్నేహం దీని పరిధిలోకి వస్తాయి. అందులో ఎగతాళి ఉంది కనుక విషాదానికి వాడకూడదు. పెళ్ళైన ఏడాదికే భర్తను పోగొట్టుకున్న అమ్మాయి కాపురాన్ని మూన్నాళ్ళ ముచ్చట అని వార్తల్లో రాస్తుంటారు, ఆ మాట చదివే ఆ ఇంటివాళ్ళకు ఎలా ఉంటుందో ఆలోచిస్తే రాయబుద్ధి కాదు. 'పాలపొంగు' ఒక్కసారిగా లేచి అంతలోనే దిగిపోయే కోపానికో ఆవేశానికో చక్కగా సరిపోతుంది, ఇందులో నింద తక్కువ, ఆప్యాయత కూడా కొంత ఉంటుంది. 'నీటి మీద రాతలు' అన్నది ముఖ్యంగా హామీలకు వాడే మాట, ఇచ్చినవాడికి నిలబెట్టుకునే ఉద్దేశం లేదన్న ఆరోపణ ఇందులో ఉంది. 'పేకమేడ' కూలడానికి పునాది బలహీనత కారణం కావాలి, కాలం తీరి ముగిసిన దానికి అది వర్తించదు. 'నీటిబుడగ' మాత్రం నశ్వరానికి నేరుగా తెలుగు రూపం, 'బుద్బుదప్రాయం' అన్న పండితుల మాటకు జనం చెప్పుకునే జోడు.

వీటన్నిటిలో జాగ్రత్తపడవలసినది 'తామరాకు మీద నీటిబొట్టు'. స్తోత్రాల్లోను తత్త్వాల్లోను అది నిలకడలేని ప్రాణానికి పోలిక, ఎప్పుడు జారిపోతుందో తెలియదని. మామూలు మాటల్లో మాత్రం అంటీముట్టనట్టుండే మనిషికి పోలిక, నీళ్ళలోనే ఉన్నా తడి అంటదని. 'ఆయన రాజకీయాల్లో తామరాకు మీద నీటిబొట్టులా ఉన్నారు' అని రాస్తే కొందరు ఆయన పదవి ఊగుతోందనుకుంటారు, ఎక్కువమంది ఆయన నిర్లిప్తుడనుకుంటారు. మీ ఉద్దేశం మొదటిదైతే మరో మాట వెతుక్కోవలసిందే.

దిద్దుబాటు ఎలా చేయాలి

ఒక ప్రకటన ఇలా ఉందనుకుందాం: 'భారీ వర్షాల వల్ల బస్టాండు క్షణికంగా మార్చబడినది. ఈ అసౌకర్యం అశాశ్వతమైనదని ప్రయాణికులు గమనించగలరు.' బస్టాండును మార్చింది అధికారులు, మళ్ళీ తెచ్చేదీ వారే, కాబట్టి మొదటి మాట తాత్కాలికం కావాలి. రెండో వాక్యంలో ప్రయాణికుడికి కావలసింది అసౌకర్యపు స్వభావం మీద ఉపన్యాసం కాదు, ఎప్పటి దాకా, ఎక్కడి నుంచి అన్న సమాచారం. 'భారీ వర్షాల కారణంగా బస్టాండును తాత్కాలికంగా మార్కెట్ యార్డుకు మార్చాం. ఈ నెలాఖరు దాకా బస్సులన్నీ అక్కడి నుంచే బయలుదేరతాయి' అంటే సరిపోతుంది. ఫోనులో 24 గంటలకు మాయమయ్యే వాట్సాప్ స్టేటస్ గురించి రాసేటప్పుడూ ఇదే దారి. దాన్ని క్షణికమనలేం, ఒక రోజు ఉంటుంది. అశాశ్వతమంటే బరువెక్కుతుంది. '24 గంటల తర్వాత దానంతటదే పోతుంది' అన్న మామూలు మాటే అక్కడ స్పష్టం.

సంతాప సందేశాల్లో ఈ కుటుంబపు మాటలు వేటినీ వాడకపోవడం మంచిది. 'జీవితం క్షణికమని, దేహం నశ్వరమని గ్రహించి ధైర్యం తెచ్చుకోగలరు' అన్నది వినడానికి పెద్దరికంగా ఉంటుంది గాని, పోయినవారి గురించి అందులో ఒక్క ముక్క లేదు. 'ఇంతలోనే ఇలా అవుతుందని అనుకోలేదు, మొన్న ఉగాదికి వచ్చినప్పుడు కూడా మా పిల్లల చదువు గురించే అడిగారు' అన్న వాక్యంలో ఆ 'ఇంతలోనే' అనే చిన్న మాట చెప్పవలసినదంతా చెబుతుంది. ప్రవచనంలో, శతకాల వ్యాఖ్యానంలో, తత్త్వచర్చలో నశ్వరం, అనిత్యం ఎంత కావాలంటే అంత వాడుకోవచ్చు, అక్కడ అవి తమ ఇంట్లో తాము ఉన్నట్టే.

రాత విషయంలో కొన్ని జాగ్రత్తలు. 'తత్కాలం' నుంచి వచ్చినది 'తాత్కాలికం', సమాజం 'సామాజికం' అయినట్టే ఇక్కడా మొదటి అచ్చు సాగుతుంది, కాబట్టి 'తత్కాలికం' అనకూడదు. 'క్షణికం' విషయంలో ఆ మార్పు లేదు, 'క్షణీకం' అని ణికి దీర్ఘం ఇవ్వడమూ తప్పే. 'శాశ్వితం', 'అశాశ్వితం' అని చాలామంది పలుకుతారు, రాస్తారు కూడా, సరైన రూపాలు శాశ్వతం, అశాశ్వతం. 'బుద్బుదం'లో రెండో అక్షరానికి బ వత్తే గాని భ వత్తు లేదు. భావనామం కావాలంటే క్షణికత, క్షణికత్వం రెండూ సరైన రూపాలే, 'క్షణికతత్వం' అంటే ప్రత్యయాన్ని రెండుసార్లు తగిలించినట్టు. సమాసాల్లో సంస్కృత పదంతోనే కలపాలి, క్షణికావేశం, క్షణికానందం, క్షణికోద్రేకం అని. 'క్షణిక మోజు', 'నశ్వర బతుకు' అన్నవి సంస్కృతాన్నీ తెలుగునూ అతికించిన వైరి సమాసాలు, వాటిని 'క్షణికమైన మోజు' అని విడదీసి రాయవచ్చు, అంతకంటే 'నాలుగు రోజుల మోజు' అనడం హాయిగా ఉంటుంది. 'క్షణికంగా' అన్న క్రియావిశేషణం కనిపించిన ప్రతిచోటా దాన్ని 'క్షణకాలం' అనో 'తాత్కాలికంగా' అనో మార్చి చదవండి, రెండిటిలో ఒకటి తప్పక మెరుగ్గా ఉంటుంది.